ఈహో, ఈహా, బిడ్డ: స్పానిష్ బంధువాచకాల వెలుగులో తెలుగు లింగవ్యవస్థ

పరభాషాబోధనలో కుటుంబం తొలి పాఠాలలో ఒకటి. పలకరింపులు, అంకెలు, రంగులు ముగియగానే తల్లి, తండ్రి, అన్న, చెల్లెలు వస్తారు. ఇల్లు అందరికీ ఉన్న అనుభవం కాబట్టి ఈ పదాలు త్వరగా పట్టుబడతాయని పాఠ్యపుస్తక రచయితల నమ్మకం కావచ్చు. తెలుగు మాతృభాషగా ఉన్నవారికి స్పానిష్ భాషలో ఈ పాఠం అంత సులువు కాదు. ఆ కష్టాన్ని నిదానంగా పరిశీలిస్తే మన వ్యాకరణం గురించి మనకే తెలియవలసినది ఒకటి బయటపడుతుంది. దానిని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విషయం నాకు గ్రంథాలయంలో కాక ఇంట్లో తోచింది కాబట్టి ఇంటి నుంచే మొదలుపెడతాను.

నల్లగొండ నుంచి మిర్యాలగూడకు పోయే దారిలో ఉన్న వేములపల్లి మా ఊరు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పండే ప్రాంతం. హైదరాబాదులో స్పానిష్ నేర్చుకుంటున్న మా అక్క కూతురు ఒక వేసవి సెలవులలో అమ్మమ్మ ఇంటికి వస్తూ ఒక అభ్యాసం వెంట తెచ్చుకొంది. తన కుటుంబవృక్షం గీసి, ప్రతి వ్యక్తి కింద స్పానిష్ బంధువాచకం రాయాలి. తెలుగు బోధించే వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి నన్ను తోడు కూర్చోమంది. ఎనభై ఏళ్లు దాటిన మా అమ్మ పక్కన మంచం మీద కూర్చుని వింటూ ఉంది.

మొదట అంతా సాఫీగానే సాగింది. తండ్రి పాద్రే, తల్లి మాద్రే. తాత అబ్వేలో, అమ్మమ్మ అబ్వేలా. మనుమడు న్యేతో, మనుమరాలు న్యేతా. పదాంతంలో ఓకారం ఉంటే పురుషుడు, ఆకారం ఉంటే స్త్రీ. సూత్రం ఒక్కటే, పట్టుకుంటే సగం పాఠం వచ్చినట్లే. నా పేరు కింద ఆ పిల్ల 'తీయా' అని రాసింది. ఆమెకు నేను చిన్నమ్మను. తరువాత ఆమె మేనత్త పేరు కింద కూడా 'తీయా' అనే రాసింది. మా అమ్మ ఆపి అడిగింది.

"చిన్నమ్మకూ, మేనత్తకూ ఒక్కటే మాటనా?"

"ఒక్కటే అమ్మమ్మా. పెద్దమ్మ కూడా తీయానే. మామ, చిన్నాయిన, పెద్దనాయిన అందరూ తీయో."

"మరి వాళ్ల పిల్లలు?"

"మగపిల్లలైతే ప్రీమో, ఆడపిల్లలైతే ప్రీమా."

మా అమ్మ కొంతసేపు ఆలోచించి, "అందరూ ఒక్కటే అయితే వరుస ఎట్ల తెలుస్తది? పెండ్లి ఎవరికి జేస్తరు?" అన్నది.

మేమిద్దరం నవ్వాము. కానీ మానవశాస్త్రం చాలా కాలంగా చర్చిస్తున్న ప్రశ్న సరిగ్గా అదే. అమెరికన్ పండితుడు లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రచురించిన బృహద్గ్రంథంలో ప్రపంచంలోని అనేక భాషల బంధువాచకాలను పట్టికలుగా కూర్చాడు. వాటిలో తమిళ, తెలుగు, కన్నడ పదాలు ఉన్నాయి. ఫ్రెంచి పండితుడు లూయీ ద్యుమోఁ 1953లో ద్రావిడ బంధువాచక వ్యవస్థను వివాహవ్యవస్థకు అభివ్యక్తిగా వ్యాఖ్యానించాడు. థామస్ ట్రాట్‌మన్ 1981లో 'ద్రవిడియన్ కిన్‌షిప్' గ్రంథంలో ఆ చర్చను చారిత్రకంగా విస్తరించాడు. తండ్రి అన్నదమ్ముల పిల్లలు, తల్లి అక్కచెల్లెళ్ల పిల్లలు మనకు అన్నలు, తమ్ముళ్లు, అక్కలు, చెల్లెళ్లు అవుతారు. మేనమామ, మేనత్తల పిల్లలు బావలు, మరదళ్లు, వదినలు, మరుదులు అవుతారు. మొదటి వర్గంలో పెళ్లి లేదు. రెండవ వర్గంలో ఉంది. 'వరుస' అనే ఒక్క మాటలో మనం ఇమిడ్చుకొన్నది ఈ విభజననే. ప్రీమో అనే పదంలో అది లేదు.

స్పానిష్ భాషకు ఈ పేదరికం పుట్టుకతో వచ్చింది కాదు. దాని తల్లి లాటిన్‌లో తండ్రి సోదరుడు పత్రూస్, తల్లి సోదరుడు అవుంకులుస్. తండ్రి సోదరి అమితా, తల్లి సోదరి మాతెర్తెరా. నలుగురికీ నాలుగు పదాలు. స్పానిష్‌లో ఆ నాలుగూ పోయి, గ్రీకు మూలం నుంచి అర్వాచీన లాటిన్ ద్వారా వచ్చిన తీయో, తీయా మిగిలాయి. ఫ్రెంచి, ఆంగ్ల భాషలలో జరిగింది మరొక విధం. అంకుల్ అనే మాట అవుంకులుస్ నుంచి, ఆంట్ అనే మాట అమితా నుంచి వచ్చాయి. అంటే వ్యుత్పత్తిని బట్టి అంకుల్ మేనమామ, ఆంటీ మేనత్త. నేడు మన పట్టణాలలో పిల్లలు ముఖపరిచయం కూడా లేనివారిని అంకుల్, ఆంటీ అని పిలుస్తుంటే వరుసలు పోతున్నాయని మనం బాధపడతాము. ఆ పదాల పుట్టుకలో మాత్రం మన మామ, అత్తలే ఉన్నారు.

పాఠం ముందుకు సాగేకొద్దీ స్పానిష్ పేదరికాన్ని గురించిన నా తీర్మానం తొందరపాటు అని తేలింది. మా అక్కకు, ఆమె అల్లుడి తల్లికి ఉన్న సంబంధానికి ఆంగ్లంలో మాట లేదు. స్పానిష్‌లో ఉంది. మామగారు స్వేగ్రో, అత్తగారు స్వేగ్రా అయితే, వియ్యంకుడు కోన్స్వేగ్రో, వియ్యపురాలు కోన్స్వేగ్రా. బావ లేక మరిది కున్యాదో అయితే, తోడల్లుడు కోన్‌కున్యాదో, తోడికోడలు కోన్‌కున్యాదా. ఈ పదాలలోని 'కోన్' అంటే 'తో', 'తోడి'. తోడల్లుడు, తోడికోడలు అనే మన సమాసాలలో 'తోడు' చేసే పనినే అక్కడ 'కోన్' చేస్తున్నది. తోడికోడలిని మా వైపు యారాలు అంటారు. "అయితే యారాలు వాళ్లకూ ఉన్నదన్నమాట" అని మా అమ్మ తృప్తి పడింది. మేనత్త లేని భాష మీద ఆమెకు కలిగిన అనుమానం కొంత తీరింది.

ఇంకొక పోలిక నన్ను ఎక్కువగా ఆకర్షించింది. స్పానిష్‌లో చాలా బంధువాచకాలు ఒకే ధాతువు మీద ఓకార, ఆకార భేదంతో ఏర్పడతాయి. ఎర్మానో సోదరుడు, ఎర్మానా సోదరి. ఈహో కొడుకు, ఈహా కూతురు. సొబ్రీనో, సొబ్రీనా సోదరీసోదరుల పిల్లలు. తెలుగులో అన్నకూ అక్కకూ, తమ్ముడికీ చెల్లెలికీ, కొడుకుకూ కూతురికీ, మామకూ అత్తకూ ధాతుసంబంధం పైకి కనబడదు. ఒక్క చోట మాత్రం రెండు భాషలూ ఒకే దారి పట్టాయి. అల్లుడు యేర్నో, కోడలు న్వేరా. పెళ్లి ద్వారా ఇంట్లోకి వచ్చే ఈ ఇద్దరినీ ఒకే పదానికి రెండు రూపాలుగా చేయడానికి రెండు భాషలూ ఇష్టపడలేదు.

ఈ చిక్కులు మా వసారాకు పరిమితమైనవి కావు. తెలుగునేల మీద స్పానిష్ భాషతో దశాబ్దాలుగా నిత్యసంబంధం ఉన్న చోటు అనంతపురం. బార్సిలోనాలో 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడికి వచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పి, 2009లో అక్కడే కన్నుమూశాడు. 1970లో జెసూట్ సభను విడిచి వివాహం చేసుకొన్న తరువాత కూడా ప్రజలు ఆయనను ఫాదర్ అనే పిలుచుకొన్నారు. వదులుకొన్న మతపదవిని సూచించే ఆ మాట వారి నోట బంధువాచకంగా నిలిచిపోయింది. స్పెయిన్ దేశస్థులు అనంతపురం ప్రాంతపు పిల్లల చదువుకు సహాయం చేసే పద్ధతిని స్పానిష్‌లో 'అపద్రినార్' అనే క్రియతో చెబుతారు. ఆ క్రియ 'పద్రీనో' నుంచి పుట్టింది. పద్రీనో అంటే బిడ్డ జ్ఞానస్నానానికి పూచీగా నిలిచే జ్ఞానపిత. సహాయం చేసే స్త్రీ మద్రీనా. దాత అనే మాటకు బదులు, ఆ భాష ఒక చుట్టరికాన్ని ముందుకు తెచ్చింది.

ఆ దాతలకూ పిల్లలకూ మధ్య ఉత్తరాలు నడుస్తాయి. అటువంటి ఉత్తరంలో "నీకు ఎర్మానోస్ ఎంతమంది?" అన్న ప్రశ్న వచ్చిందనుకొందాము. అనువాదకుడు ఏమి రాయాలి? అన్నదమ్ములు అని రాస్తే అక్కచెల్లెళ్లు పోతారు. తోబుట్టువులు అన్నది సరైన మాటే అయినా పదేళ్ల పిల్లవాడికి రాసే ఉత్తరంలో పుస్తకాల మాటలా వినబడుతుంది. చివరికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అని రెండు జంటపదాలూ రాయక తప్పదు. "ఇద్దరు అక్కలు, ఒక తమ్ముడు" అని పిల్లవాడు జవాబిస్తే, తిరుగు ప్రయాణంలో అది 'ముగ్గురు ఎర్మానోస్' అయ్యే అవకాశం ఉంది. పెద్దచిన్నల భేదం పోతుంది. అంతకంటె ముఖ్యంగా, అక్కలిద్దరూ పుంలింగ బహువచనంలో కలిసిపోతారు. ఈ చివరి మాటే మా ఇంట్లో అసలు గొడవకు కారణమైంది.

చెట్టులో మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి, ఆమెకు ఎంతమంది సంతానమో ఒక వాక్యంలో రాయాలి. ముగ్గురు ఆడపిల్లల తరువాత పుట్టిన కొడుకుతో కలిపి మేము నలుగురం. మనుమరాలు స్పానిష్‌లో రాసి, పైకి చదివి, పదానికి పదం అర్థం చెప్పింది: "మా అమ్మమ్మకు నలుగురు ఈహోస్."

"ఈహో అంటే కొడుకు అంటివి గదా?" అన్నది అమ్మ.

"అవును."

"నలుగురు కొడుకులా? నాకొక్కడే గదా కొడుకు!"

మా తమ్ముడు పుట్టేదాకా ఆ ఇంట్లో "ఇంకా కొడుకు లేడు" అన్న మాట ఎన్నిసార్లు వినబడిందో అక్కలకూ నాకూ గుర్తుంది. కాబట్టి ఆ వాక్యం విని అమ్మ చకితురాలు కావడంలో ఆశ్చర్యం లేదు. ముగ్గురు కూతుళ్లున్నంత కాలం స్పానిష్‌లో మేము 'ఈహాస్'. తమ్ముడు పుట్టిన రోజున, మేమేమీ మారకుండానే 'ఈహోస్' అయ్యాము. అక్కచెల్లెళ్లు 'ఎర్మానాస్' కాస్తా 'ఎర్మానోస్' అయ్యాము. అదే నియమం వల్ల తల్లిదండ్రులు 'పాద్రెస్'. పాద్రే అంటే తండ్రి కాబట్టి అక్షరార్థం 'తండ్రులు'. నూరుగురు స్త్రీలను 'ఎల్యాస్' అనే సర్వనామంతో చెప్పవచ్చు. వారిలో ఒక్క పురుషుడు చేరితే 'ఎల్యోస్' అనాలి.

సంస్కృతం చదివినవారికి ఇది కొత్త కాదు. పాణిని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయంలోని ఏకశేష ప్రకరణంలో సరిగ్గా ఈ విధానమే ఉంది. స్త్రీవాచకంతో కలిసి చెప్పినప్పుడు పుంవాచకం మిగులుతుంది. సోదరుడూ సోదరీ కలిసి 'భ్రాతరౌ', కొడుకూ కూతురూ కలిసి 'పుత్రౌ', తల్లీ తండ్రీ కలిసి 'పితరౌ'. రఘువంశం తొలి శ్లోకంలో కాళిదాసు పార్వతీపరమేశ్వరులను ఈ ద్వివచనంతోనే స్మరించాడు. తల్లిదండ్రుల విషయంలో ఏకశేషం వైకల్పికం. 'మాతాపితరౌ' అనే రూపమూ సాధువే. సంస్కృత, స్పానిష్ భాషలు దూరపు చుట్టాలు. కుటుంబాన్ని బహువచనంలో చెప్పేటప్పుడు ఆ చుట్టరికం స్పష్టంగా కనబడుతుంది.

తెలుగులో ఇందుకు సమానమైన చోట ద్వంద్వసమాసం ఉంది. తల్లిదండ్రులు, ఆలుమగలు, అత్తామామలు అన్నప్పుడు ఎవరూ లోపించరు. పైగా స్త్రీవాచకమే ముందుంటుంది. అన్నాచెల్లెళ్లు, అక్కాతమ్ముళ్లు అన్నప్పుడు క్రమాన్ని లింగం నిర్ణయించదు, వయస్సు నిర్ణయిస్తుంది. 'పిల్లలు' అనే మాట ఇంకా విచిత్రం. ఏకవచనంలో 'పిల్ల' అంటే ఆడపిల్ల. మగవాడిని చెప్పాలంటే 'పిల్లవాడు' అని ప్రత్యయమో పదమో చేర్చాలి. బహువచనంలో 'పిల్లలు' అందరినీ చెబుతుంది. కుక్కపిల్ల, పిల్లిపిల్ల అన్న వాడుకను చూస్తే ఈ పదానికి మూలార్థం లింగభేదం లేని 'చిన్న ప్రాణి' అని తోస్తుంది. అయినా ఫలితం గమనించదగ్గది. స్పానిష్‌లో కొడుకు పేరు మీద కూతుళ్లు లెక్కకు వస్తే, తెలుగులో పిల్ల పేరు మీద పిల్లవాళ్లు లెక్కకు వస్తారు.

ఇంతవరకు వచ్చాక నాలోని తెలుగు అధ్యాపకురాలికి కొంత గర్వం కలిగిన మాట నిజం. మన భాష స్త్రీని దాచలేదని మనుమరాలి ముందు ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ పిల్ల అంతా విని, "మరి చిన్నమ్మా, స్పానిష్‌లో ఆమెకు ఎల్యా అని వేరే సర్వనామం ఉంది. మనకు 'అమ్మ వచ్చింది', 'ఆవు వచ్చింది' ఒక్కటే కదా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు బాలవ్యాకరణం చదివిన వారెవరూ బదులు వెదకనక్కరలేదు. చిన్నయసూరి 1858లోనే ఆ సంగతి స్పష్టం చేశాడు. పురుషులను, వారి విశేషణాలను తెలిపే పదాలు మహత్తులు. పశుపక్ష్యాదులను, జడపదార్థాలను తెలిపేవి అమహత్తులు. స్త్రీలను తెలిపేవి మహతీవాచకాలు. వీటికి ఏకవచనంలో అమహత్తులతో, బహువచనంలో మహత్తులతో సామ్యం. ఈ విభాగాన్ని తరగతి గదిలో ఏళ్ల తరబడి చెప్పాను. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా ఇచ్చాను. 'అన్న వచ్చాడు, అక్క వచ్చింది, ఆవు వచ్చింది' అని నల్లబల్ల మీద రాసి, కింద 'అన్నలు వచ్చారు, అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి' అని రాసేదాన్ని. ఒంటరిగా ఉన్నప్పుడు అక్క ఆవుతో ఉంటుంది. ఇద్దరైనప్పుడు మనుషులలో కలుస్తుంది. ఈ విషయాన్ని రూపభేదంగా చెప్పానే గాని, అది ఒక స్థితి అని నాకు స్ఫురించలేదు.

ఈ వ్యాసం రెండవ పేరాలో నేను 'బోధించే వృత్తిలో ఉన్నదాన్ని' అని రాశాను. పురుషుడైతే 'ఉన్నవాణ్ణి' అని రాసేవాడు. నన్ను గురించి నేను చెప్పుకొన్నప్పుడు కూడా నాకు దొరికిన ప్రత్యయం 'అది'కి చెందినదే. నాతో ఇంకొక స్త్రీ చేరితే మేము 'ఉన్నవాళ్లం' అవుతాము. 'ఆమె', 'ఆవిడ' వంటి సర్వనామాలు మర్యాదను కొంత కాపాడినా, 'ఆమె వచ్చింది' అన్నప్పుడు క్రియ అమహత్తుదే. 'ఆమె వచ్చారు' అని గౌరవించాలంటే బహువచనపు క్రియను అరువు తెచ్చుకోవాలి. స్త్రీకి ఏకవచనంలో దక్కని మనుష్యప్రత్యయం గౌరవార్థకమైన బహువచనంలో దక్కుతుంది. మా ఊరి ఇళ్లలో అమ్మకు ఆ గౌరవబహువచనం చాలా అరుదు. నాయిన 'వచ్చిండు', అమ్మ 'వచ్చింది'.

సంఖ్యావాచకాలలో ఈ తారతమ్యం మరింత స్పష్టం. తెలుగులో ఇద్దరు, ముగ్గురు, నలుగురు అనేవి మనుషులకు. రెండు, మూడు, నాలుగు ఇతరాలకు. స్త్రీలు ఈ లెక్కలో నిస్సందేహంగా మనుషులు. ఒకటి దగ్గరే తకరారు. ఒకడు, ఒకటి అనే రెండు రూపాల మధ్య 'ఒకతె', 'ఒకర్తె' అనే స్త్రీరూపాలున్నా, వాటితో అన్వయించే ఏకవచన క్రియ మళ్లీ 'వచ్చింది' అనే. స్పానిష్‌లో దీనికి విపర్యయం. 'ఉనో' ఒకడు, 'ఉనా' ఒకతె. ఒకటి దగ్గర లింగభేదం తప్పనిసరి. రెండు నుంచి ఆ భేదం ఆగిపోతుంది. ఒకటితో ముగిసే సంఖ్యలు, రెండు వందల నుంచి తొమ్మిది వందల దాకా ఉన్న వందలు మాత్రమే దీనికి మినహాయింపు. తెలుగులో మనుష్యత్వం రెండుతో మొదలైతే, స్పానిష్‌లో లింగం ఒకటితో సరిపెట్టుకొంటుంది.

కాబట్టి నాకు తేలినది ఇది. స్పానిష్‌లో స్త్రీ ఏకవచనంలో కనబడి బహువచనంలో మరుగవుతుంది. తెలుగులో స్త్రీ ఏకవచనంలో మరుగై బహువచనంలో కనబడుతుంది. రెండు భాషలూ ఆమెను దాచిన చోట్లు వేరు. ఒక భాష దాచిన చోటు ఆ భాష మాట్లాడేవారికి సహజంగా తోస్తుంది. పక్క భాషలో నిలబడి చూసినప్పుడే అది దాచడం అని తెలుస్తుంది. 'ఈహోస్' అన్న మాట మా అమ్మకు వింతగా వినబడింది గాని 'వచ్చింది' అన్న మాట ఆమెకు గాని నాకు గాని ఏనాడూ వింతగా వినబడలేదు.

తెలుగు తీరు ద్రావిడ కుటుంబంలో అందరిదీ కాదు. తమిళ, కన్నడ భాషలలో ఏకవచనంలోనే పురుషుడు, స్త్రీ, ఇతరం అని మూడు విభాగాలు. బహువచనంలో మనుషులు, ఇతరాలు అని రెండు. మన ఆదిలాబాదు ప్రాంతంలో మాట్లాడే గోండి, కొలామి భాషలలో ఏకవచనంలో తెలుగులాగే పురుషుడు ఒక పక్క, తక్కినవన్నీ ఒక పక్క; బహువచనంలో కూడా స్త్రీలు మాత్రమే ఉన్న సమూహం ఇతరాలతోనే చేరుతుంది. ఏకవచనంలో పురుష, పురుషేతర భేదం, బహువచనంలో మనుష్య, మనుష్యేతర భేదం ఉన్న తెలుగు తరహా ఉత్తరాన కుడుఖ్, మాల్తో భాషలలో కనబడుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషల మీద 2003లో ప్రచురించిన గ్రంథంలో ఈ మూడు తరహాలను పోల్చి చర్చించాడు. గోండి తరహాయే ప్రాచీనమన్న ఆయన పక్షాన్ని అంగీకరిస్తే, తెలుగు స్త్రీ బహువచనంలో మనుషులలో చేరడం తరువాతి పరిణామం. అలాగైతే వ్యాకరణం కదలని కట్టడం కాదు. ఒక దశలో కదిలింది, సగం దూరం వచ్చి ఆగింది.

స్పానిష్ లోకంలో ఆ కదలికను బుద్ధిపూర్వకంగా తేవాలన్న ప్రయత్నం ఇప్పుడు జరుగుతున్నది. పుంలింగ బహువచనానికి బదులు రెండు రూపాలనూ చెప్పాలని కొందరు, ఓకార ఆకారాల స్థానంలో ఏకారాన్ని వాడాలని కొందరు వాదిస్తున్నారు. 1713లో ఏర్పడిన స్పానిష్ రాజ అకాడమీ పుంలింగ బహువచనం ఉభయసాధారణమనీ, దానికి ప్రత్యేకమైన లింగసూచన లేదనీ చెబుతున్నది. ఆ పక్షాన ఇగ్నాసియో బోస్కే 2012లో రాసిన నివేదిక విస్తృతంగా చర్చకు వచ్చింది. 2022లో బ్వేనోస్ ఐరెస్ నగర ప్రభుత్వం ఏకారరూపాలను పాఠశాల బోధనలో వాడకుండా నియంత్రించింది. ఒక అచ్చు కోసం ఇంత వివాదమా అని మనకు అనిపించవచ్చు. 'అది'కీ 'ఆమె'కూ మధ్య మన ఇళ్లలో ఎన్ని తగవులు నడిచాయో గుర్తు తెచ్చుకొంటే అలా అనిపించదు.

వ్యాకరణలింగాన్ని బట్టి సమాజనీతిని నిర్ణయించడం పొరపాటు అన్న హెచ్చరికను నేను అంగీకరిస్తాను. సంస్కృతంలో భార్యను చెప్పే 'దార' శబ్దం పుంలింగం, నిత్యబహువచనం, 'కళత్రం' నపుంసకం. అందువల్ల ఆ ఇల్లాలి స్థితి మారలేదు. స్పానిష్‌లో 'పెర్సోనా' అంటే వ్యక్తి. పురుషుడిని గురించి చెప్పినా ఆ మాట స్త్రీలింగమే. క్రియలోనూ సర్వనామంలోనూ లింగభేదం పాటించని బెంగాలీ మాట్లాడే ఇళ్లలో కూతుళ్లకు కొడుకులతో సమానమైన స్థానం దానంతటదే రాలేదు. అయితే భాష ఒక మనిషిని ఎక్కడ లెక్కించకుండా పోనిస్తుందో తెలుసుకోవడం అనువాదకులకూ, అధ్యాపకులకూ అవసరం. ఆ చోట జాగ్రత్తగా ఉండకపోతే లెక్క తప్పుతుంది. ఈ మాట సిద్ధాంతంగా చెప్పడం లేదు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో లెక్క నిజంగానే తప్పింది.

నలుగురు ఈహోస్ గొడవ తీరాక, మనుమరాలు ఆ వాక్యాన్ని కొట్టివేసి "ముగ్గురు ఈహాస్, ఒక ఈహో" అని వేరువేరుగా రాసింది. పెద్దక్క దగ్గర మొదలుపెట్టి, వరుసగా గీతలు దించింది. అమ్మ ఆ గీతల వంక చూస్తూ, "నీ తల్లికంటె ముందు ఒకటి పోయింది" అన్నది.

ఆ మాట మాకు కొత్త కాదు. మా పెద్దక్కకూ రెండవ అక్కకూ మధ్య ఒక ఆడశిశువు పుట్టి కొన్ని నెలలకే పోయింది. పేరు పెట్టారో లేదో కూడా మాకు తెలియదు. ఎవరైనా సంతానం ఎంతమందని అడిగితే అమ్మ, "నలుగురున్నరు, ఒకటి పోయింది" అనడం చిన్నప్పటి నుంచి విన్నాను. మా చుట్టుపక్కల తల్లులందరూ అలాగే అనేవారు. ఉన్నవారు నలుగురు, పోయినది ఒకటి. ఉన్నవారికి మనుష్యసంఖ్య, పోయినదానికి వస్తుసంఖ్య. ఆ వాక్యంలో వ్యాకరణదోషం ఏమీ లేదు. ఇన్నేళ్లు విని కూడా నేను దానిని వినలేదు.

మనుమరాలు కలం ఎత్తి, "ఒకటి అంటే? కొడుకా, కూతురా? ఇక్కడ ఉనో అనో ఉనా అనో రాయాలి. ఊరికే ఒకటి అని రాయడానికి కుదరదు అమ్మమ్మా" అన్నది. ఆ పిల్ల అడిగింది వ్యాకరణం కోసమే. ఆ భాషలో సంతానాన్ని ఒక్కొక్కరిగా చెప్పాలంటే ఓకారమో ఆకారమో తప్పదు.

అమ్మ వెంటనే పలకలేదు. తరువాత, "బిడ్డ. బిడ్డనే పుట్టింది" అన్నది. కోస్తాలో బిడ్డ అంటే ఆడో మగో ఏ సంతానమైనా కావచ్చు. మా వైపు కొడుకు వేరు, బిడ్డ వేరు. బిడ్డ అంటే కూతురు. సంతానసామాన్యాన్ని చెప్పే మాట మా ప్రాంతంలో కూతురికి దక్కింది. 'ఈహా' అనే మాటకు అంతకంటె సరైన తెలుగు మా ఇంట్లో మరొకటి లేదు.

"అయితే నాకు ఎంతమంది? మళ్ల లెక్కబెట్టు" అన్నది అమ్మ.

"ఐదుగురు."

"ఆ, ఐదుగురు. రాయి బిడ్డా."

పెద్దక్కకూ రెండవ అక్కకూ మధ్య ఖాళీ లేదు. మనుమరాలు ఆ కాగితం పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకొని చెట్టును మొదటి నుంచి గీసింది. ఐదు గీతలు దించింది. రెండవ గీత కింద పేరు లేదు. 'ఉనా ఈహా' అని రాసింది. అమ్మకు ఆ లిపి రాదు. కాగితం మీద ఆ చోట వేలు పెట్టి, "ఇదేనా?" అని అడిగింది. అదేనని చెప్పాము.